యూత్ మీటింగ్‌కి వచ్చినవాళ్లు నిలబడట్లేదు: కొత్తగా బాధ్యత తీసుకున్న బ్రదర్‌కి జవాబు

వందనాలు బ్రదర్.

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మూడు నెలల కిందట పాస్టర్ గారు యూత్ బాధ్యత మీకు అప్పగించారు. రిజిస్టర్‌లో 25 పేర్లున్నాయి, మీటింగ్‌కి వచ్చేది ఏడెనిమిది మంది. సంగీత కూడిక పెడితే హాలు నిండింది, మరుసటి వారం మళ్లీ ఆ ఏడుగురే. పెద్దలు ఈ కాలం పిల్లలకి భక్తి లేదంటున్నారు. వాళ్లతో ఎలా మాట్లాడాలో, ఇంకా ఏ కార్యక్రమాలు పెడితే బాగుంటుందో చెప్పమని మీరు అడిగారు. చివర్లో ఒక్క లైన్ రాసి వదిలేశారు: కీబోర్డ్ వాయించే అబ్బాయి ఒక ఆదివారం ఆలస్యంగా వస్తే అందరి ముందూ కోప్పడ్డారనీ, అప్పటి నుంచి అతను రావట్లేదనీ. మీరు అడిగినదానికి జవాబు చాలావరకు ఆ లైన్‌లోనే ఉందని నాకనిపించింది.

నేను ఇరవై రెండేళ్లుగా యవ్వనస్థుల మధ్య పరిచర్య చేస్తున్నాను. మొదటి నాలుగేళ్లు మీలాగే కార్యక్రమాల వెంట పరిగెత్తాను. క్విజ్‌లు, ఆటల పోటీలు, రిట్రీట్‌లు, బయటి నుంచి పేరున్న ప్రసంగీకులు, ఏదీ వదల్లేదు. జనం వచ్చేవాళ్లు. ఫొటోలు బాగా వచ్చేవి. ఏడాది తిరిగేసరికి నిలబడ్డవాళ్లు కొద్దిమందే. ఆ కొద్దిమందీ ఎవరా అని ఒకరోజు కూర్చుని ఆలోచించాను. ఒకడు సౌండ్ సిస్టమ్ చూసుకునేవాడు. ఒకమ్మాయి సండే స్కూల్లో చిన్నపిల్లలకి కథలు చెప్పేది. ఇంకో ఇద్దరు, నడవలేని పెద్దవాళ్లని ఆరాధనకి తీసుకొచ్చి మళ్లీ ఇంటి దగ్గర దింపేవాళ్లు. నేను చెమటోడ్చి పెట్టిన ఏ కార్యక్రమమూ వాళ్లని నిలబెట్టలేదు. వాళ్లు రాకపోతే ఎవరికో ఒకరికి ఆ రోజు ఇబ్బంది అవుతుంది, అందుకని వచ్చేవాళ్లు. అలా వస్తూ పోతూ ఉండగానే వాక్యం వాళ్ల లోపలికి దిగింది.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. 1881 ఫిబ్రవరి 2న అమెరికాలో, మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టర్ తన సంఘంలోని యవ్వనస్థులని ఇంటికి పిలిచి క్రిస్టియన్ ఎండీవర్ అనే సహవాసం మొదలుపెట్టాడు. అందులో చేరేవాళ్లు ఒక ప్రమాణం చేయాలి. ప్రతి కూడికకీ రావాలి, వచ్చి ఊరికే కూర్చోకూడదు, పాటలో గొంతు కలపడం కాక ఇంకేదో ఒక భాగం తీసుకోవాలి. ఒక ప్రార్థన కావచ్చు, ఒక వాక్యం చదవడం కావచ్చు. పనులు చూసుకోవడానికి చిన్న చిన్న కమిటీలు పెట్టి అవీ వాళ్లకే అప్పగించాడు. అది ఆ ఒక్క సంఘంతో ఆగలేదు, కొద్ది ఏళ్లలోనే చాలా దేశాలకి పాకింది. ఇవాళ ఎవరైనా యూత్ మీటింగ్‌కి రావడానికి ఇలాంటి షరతు పెడితే ఉన్న ఏడుగురూ పోతారని మనం భయపడతాం. ఆయన మాత్రం పిల్లల మీద బరువు పెడితేనే నిలబడతారని నమ్మాడు.

అయితే పని అనగానే మన సంఘాల్లో గుర్తొచ్చేది కుర్చీలు వేయడం, మైకు అందించడం, కూడిక అయ్యాక హాలు ఊడవడం. ఇవన్నీ అవసరమే, నేను తక్కువ చేసి మాట్లాడట్లేదు. కానీ ఒక అబ్బాయికి అయిదేళ్లపాటు కుర్చీలే అప్పగిస్తే, ఈ సంఘంలో నాకు చేతులే ఉన్నాయి, తల లేదు అని అతనికి అర్థమవుతుంది. నిర్ణయం తీసుకునే పని ఇవ్వాలి. ఈ నెల ఏ పాటలు పాడాలో వాళ్లే ఎంచుకోవాలి. సంఘం యూత్‌కి కొంత డబ్బు కేటాయిస్తే, దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో వాళ్లే కూర్చుని తేల్చుకుని, లెక్క రాసి సంఘానికి చూపించాలి. డబ్బు ఎంతన్నది ముఖ్యం కాదు, లెక్క వాళ్ల చేతిరాతలో ఉండటం ముఖ్యం. జబ్బుతో ఉన్నవాళ్ల ఇళ్లకి వెళ్లి ప్రార్థన చేసి రావడానికి పెద్దలు వెళ్తుంటారు కదా, ఒకరిద్దరు యవ్వనస్థులని వెంట తీసుకెళ్లమనండి. మొదటిసారి మూలన నిలబడతారు. మూడోసారి వాళ్లే ప్రార్థన చేస్తారు.

ఏడాదికొక్కసారి యూత్ సండే అని పెట్టి, ఆ రోజు ప్రార్థన దగ్గర్నుంచి ప్రసంగం దాకా అన్నీ పిల్లల చేత చేయించి, మర్నాటి నుంచి మళ్లీ వెనక బెంచీల్లో కూర్చోబెట్టడం నాకు అస్సలు నచ్చదు. అది పిల్లలకి బాధ్యత ఇచ్చామని మనకి మనం చెప్పుకోవడానికి పనికొస్తుందంతే. ఆ ఒక్క రోజు చేసేదాన్ని ముక్కలు చేసి 52 ఆదివారాలకి పంచండి. ప్రతి ఆదివారం ఒకరు వాక్యం చదువుతారు, ఒకరు ప్రార్థన చేస్తారు, ఒకరు కొత్తగా వచ్చినవాళ్లని పలకరిస్తారు.

పంచేటప్పుడు ఒక జాగ్రత్త. పాడేవాళ్లు, మాట్లాడేవాళ్లు ఎప్పుడూ ముందే కనిపిస్తారు, అవకాశాలన్నీ వాళ్లకే పోతాయి. మాట పెగలనివాళ్లు, చదువు మానేసి పనికి పోతున్నవాళ్లు, అమ్మానాన్నలు సంఘానికి రానివాళ్లు, వీళ్ల పేర్లు విడిగా రాసుకోండి. అమ్మాయిల సంగతీ అంతే. చాలా సంఘాల్లో పని సగానికి పైగా అమ్మాయిలు చేస్తారు, మైకు మాత్రం అబ్బాయిల చేతిలో ఉంటుంది. మీ సంఘం సంప్రదాయం ఏదైనా కావచ్చు, ఆ హద్దుల్లోనే ఇంతకన్నా చాలా చేయొచ్చు.

ఇప్పుడు కీబోర్డ్ అబ్బాయి దగ్గరికి వస్తాను. పని ఇచ్చాక తప్పులు జరుగుతాయి. ఆలస్యంగా వస్తారు, మర్చిపోతారు, మధ్యలో వదిలేస్తారు, కొన్నిసార్లు ఇంతకన్నా పెద్ద తప్పులే చేస్తారు. అప్పుడు మీరేం చేస్తారన్నదాన్ని బట్టే మీ యూత్ పరిచర్య నిలబడుతుంది, లేదా పోతుంది.

బైబిల్లో అపొస్తలుల కార్యముల్లో మార్కు అనే మారుపేరుగల యోహాను ఉన్నాడు కదా. పౌలు, బర్నబాలు మొదటి ప్రయాణంలో అతన్ని వెంట తీసుకెళ్లారు. పంఫూలియలోని పెర్గేకి చేరగానే అతను వాళ్లని వదిలి యెరూషలేముకి తిరిగి వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లాడో ఆ పుస్తకం రాసిన లూకా చెప్పలేదు. భయమో, బెంగో, అలసటో. తర్వాత రెండో ప్రయాణానికి బయల్దేరేటప్పుడు అతన్ని మళ్లీ తీసుకెళ్దామని బర్నబా అన్నాడు. మధ్యలో వదిలిపోయినవాడు వద్దని పౌలు అన్నాడు. మాట మాట పెరిగి ఇద్దరూ విడిపోయారు. పౌలు సీలను తీసుకుని ఒక దారిన, బర్నబా మార్కును తీసుకుని కుప్రకు ఓడలో ఇంకో దారిన వెళ్లారు. ఆ తర్వాత అపొస్తలుల కార్యముల్లో బర్నబా కనిపించడు. కానీ పౌలు చెరసాల నుంచి తన యువ సహచరుడు తిమోతికి రాసిన రెండో పత్రిక చివరి అధ్యాయం తీయండి. మార్కును వెంటబెట్టుకుని రా, పరిచర్యలో అతను నాకు ఉపయోగపడతాడు అని అడుగుతున్నాడు. వద్దన్న ఆ పౌలే!

నన్నడిగితే, ఆ మధ్య ఏళ్లలో బర్నబా చేసిన పనే యూత్ పరిచర్య. అది ఎక్కడా వివరంగా రాయబడలేదు. పౌలు అడిగింది కూడా న్యాయమైన ప్రశ్నే అని మర్చిపోకండి, పని చెడితే నష్టపోయేది సంఘమే. అందుకే తప్పు చేసినవాణ్ణి ఏమీ అనకూడదని నేను చెప్పను. ఒంటరిగా, సూటిగా చెప్పండి. ఆలస్యమైతే ఏం ఇబ్బంది జరిగిందో చెప్పండి. చెప్పిన తర్వాత వచ్చే వారం ఆ పని మళ్లీ అతని చేతికే ఇవ్వండి. ఆ రెండో మాట లేకపోతే మొదటిది తిట్టులాగే మిగిలిపోతుంది.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. ఒక అబ్బాయికి కానుకల లెక్క రాసే పని ఇచ్చాను. ఒక నెల లెక్కలో తేడా వచ్చింది. అతను తీశాడని నేను అనలేదు, కానీ అడిగిన తీరు అలాగే ఉంది, అదీ నలుగురి ముందు. రెండు రోజులకి అంకెలు కూడటంలో తప్పు ఎక్కడుందో దొరికింది, తప్పు నాది. వెళ్లి క్షమించమన్నాను. పర్లేదు అన్నా, అన్నాడు. మళ్లీ రాలేదు. ఇప్పుడు అతనికి పిల్లలున్నారు. ఎక్కడైనా ఎదురుపడితే మర్యాదగా నవ్వుతాడు.

వినడం గురించి ఒక మాట. సమూయేలు కథ మనం సండే స్కూల్లో సగమే చెబుతాం. దేవుడు పిలిచాడు, బాలుడు యాజకుడైన ఏలీ పిలిచాడనుకుని ఆయన దగ్గరికి పరిగెత్తాడు, మూడోసారికి పిలిచేది దేవుడని ఏలీకి అర్థమైంది, అక్కడితో ఆపేస్తాం. మిగతా సగం పెద్దవాళ్ల కోసం. దేవుడు ఆ బాలుడికి చెప్పిన మాట ఏలీ ఇంటి మీద తీర్పు. పొద్దున్నే అది చెప్పడానికి సమూయేలు భయపడ్డాడు. ఏలీ ఏమన్నాడు? ఒక్క మాటా దాచకుండా చెప్పమన్నాడు. విన్నాడు, విని కోప్పడలేదు. ఏలీలో తప్పులు చాలా ఉన్నాయి, తన కొడుకుల్ని అదుపు చేయలేకపోయాడు. కానీ చిన్నవాడు చెప్పే చేదు మాటని కూర్చుని వినగలిగాడు. మన సంఘాల్లో ఒక పదిహేడేళ్ల పిల్ల లేచి, పెద్దలు మాతో మాట్లాడేది మందలించడానికేనండి, అంటే వినగలిగేవాళ్లు ఎంతమంది?

ప్రశ్నలూ అంతే. దేవుడు నిజంగా వింటాడా, విజ్ఞానశాస్త్రం చెప్పేదీ బైబిల్ చెప్పేదీ ఎలా కలుస్తాయి, మా స్నేహితులు వేరే నమ్మకంలో ఉన్నారు, వాళ్ల సంగతేంటి, ఇలాంటివి వాళ్ల మనసులో తిరుగుతూనే ఉంటాయి. అడిగితే విశ్వాసం లేనివాడనుకుంటారేమో అని అడగరు. నెలకొక మీటింగ్ పూర్తిగా ప్రశ్నలకి వదిలేయండి. పేరు లేకుండా చీటీ మీద రాసి పెట్టెలో వేయమనండి. మీకు తెలియనిదానికి తెలియదనే చెప్పి, పాస్టర్ గారిని అడిగి వచ్చే వారం చెబుతానని చెప్పండి, చెప్పినట్టే తీసుకురండి. తెలియదన్న మాట విన్నాక వాళ్లు మిమ్మల్ని ఎక్కువ నమ్ముతారు, తక్కువ కాదు. దేవుడు తమకి చేసినదాని గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పమని మాత్రం ఎవర్నీ బలవంతపెట్టకండి. ఒత్తిడికి చెప్పిన సాక్ష్యం తర్వాత వాళ్లకే బరువవుతుంది.

మీటింగ్ టైం గురించి మీరు రాయలేదు, కానీ ఒకసారి చూడండి. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ అనే ఆయన పేద పిల్లల కోసం బడి ఆదివారం పెట్టడానికి కారణం, ఆ పిల్లలు మిగతా ఆరు రోజులూ పనిలో ఉండేవాళ్లు. వాళ్లకి ఖాళీ ఎప్పుడో ఆయన చూశాడు. మన యూత్ మీటింగులు చాలావరకు పెద్దలకి ఖాళీ ఉన్నప్పుడు జరుగుతాయి. ఉద్యోగం, ట్యూషన్, పరీక్షలు, షిఫ్టులు, ఇవన్నీ అడిగి పెట్టండి. పరీక్షల నెలలో మీటింగ్ తగ్గించి, ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి రెండు నిమిషాలు ప్రార్థన చేస్తే చాలు. ప్రసంగం నిడివి సంగతీ చూసుకోవాలి. పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటేనే త్రోయలో ఐతుకు అనే యవ్వనస్థుడు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. పౌలు ప్రసంగం ఆపి కిందికి దిగి అతన్ని కౌగిలించుకున్నాడు. నిద్రపోయినందుకు ఎవరూ అతన్ని మందలించినట్టు లేదు.

ఇక్కడి నుంచి కాస్త సీరియస్ విషయాలు. మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ముగించను.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలతో మీరైనా, ఏ పెద్దవాళ్లైనా మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. మాట్లాడాలంటే నలుగురికీ కనిపించే చోట కూర్చుని మాట్లాడండి. రిట్రీట్‌కి వెళ్తే కనీసం ఇద్దరు పెద్దవాళ్లు, అమ్మాయిలుంటే వాళ్లతో ఆడవాళ్లు తప్పనిసరి, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రిపూట విడిగా మెసేజ్‌లు వద్దు, గ్రూప్‌లోనే పెట్టండి. మనవాళ్లే కదా, అనుమానమెందుకు అనే మాట వినపడుతుంది. మనవాళ్లే కదా అనుకున్న చోటే పిల్లలకి దెబ్బ తగిలింది, చాలాసార్లు. ఎవరైనా పిల్ల తనకి జరిగిన చెడు గురించి చెబితే, సంఘం పరువు పోతుందని లోపల సర్దేయకండి. నమ్మండి, ఆమెకి భద్రత చూడండి, మీ దేశంలో చట్టం ఎవరికి తెలియజేయమంటుందో వాళ్లకి తెలియజేయండి. అందుకే ఎవరికీ చెప్పనని ముందే మాట ఇవ్వకండి. నీ ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే, నీకు ఎవరైనా హాని చేస్తున్నారనిపిస్తే నేను సాయం పిలుస్తాను, మిగతాది నా దగ్గరే ఉంటుంది అని చెప్పండి.

మనసు బాగోలేని పిల్లల విషయంలోనూ జాగ్రత్త. నిద్ర పట్టట్లేదు, దేని మీదా ఆసక్తి లేదు, బతకాలని లేదు అనేవాళ్లకి విశ్వాసం తక్కువైందని చెప్పడం అన్యాయం. ప్రవక్త ఏలీయా బదరీచెట్టు కింద పడుకుని ప్రాణం తీసేయమని అడిగితే దేవుడు మొదట పంపింది ఆహారం, నీళ్లు, నిద్ర. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడకండి, అడిగితే ఆలోచన పుడుతుందనేది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్లకి చెప్పి అప్పటికప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ప్రార్థన చేయండి, డాక్టర్ దగ్గరికీ వెళ్లండి. రెండూ కావాలి.

చదువుకో, ఉద్యోగానికో ఊరు మారేవాళ్ల పేర్లు రిజిస్టర్‌లోంచి కొట్టేయకండి. మీ 25 మందిలో అలాంటివాళ్లు కొందరు ఉండే ఉంటారు. 1844లో లండన్‌లో వైఎంసీఏ (యువకుల క్రైస్తవ సంఘం) మొదలుపెట్టిన జార్జ్ విలియమ్స్‌కి అప్పటికి 22 ఏళ్లు. బట్టల దుకాణంలో పనిచేసేవాడు, తనలాగే పని కోసం నగరానికొచ్చి ఒంటరిగా ఉన్న కుర్రాళ్లని ప్రార్థనకి, వాక్య ధ్యానానికి పోగుచేశాడు. మీ పిల్లలు వెళ్లే చోట అలాంటి సహవాసం ఎక్కడుందో ముందే కనుక్కుని, అక్కడివాళ్లకి ఒక ఫోన్ చేసి పంపించండి. నెలకొకసారి మీరూ పలకరించండి.

పెద్దలతో ఎలా మాట్లాడాలని అడిగారు. ఈ కాలం పిల్లల మీద వాదన పెట్టుకోకండి, గెలవలేరు, గెలిచినా ఉపయోగం లేదు. దాని బదులు ఒక్కో పెద్దాయన్నీ, ఒక్కో పెద్దమ్మనీ అడగండి: ఒకే ఒక్క యవ్వనస్థుడి పేరు మీకిస్తాను, ఏడాదిపాటు రోజూ అతని కోసం ప్రార్థన చేయండి, ఆదివారం పేరు పెట్టి పలకరించండి, పరీక్ష ఎలా రాశావని అడగండి. అంతకు మించి ఏమీ వద్దు. తిమోతి విశ్వాసం గురించి రాసేటప్పుడు పౌలు మొదట గుర్తుచేసింది అతని అవ్వ లోయినీ, తల్లి యునీకేనీ. మా సంఘంలో ఇది మొదలుపెట్టినప్పుడు అందరికన్నా గట్టిగా వ్యతిరేకించిన ఒక పెద్దాయన, ఆరు నెలల తర్వాత తనకిచ్చిన కుర్రాడి ఉద్యోగం కోసం నాకే ఫోన్ చేసి ఉపవాసం ఉండమన్నాడు.

ఇక ఈ వారం చేయాల్సింది. కొత్త కార్యక్రమాలేవీ పెట్టకండి. ఆ కీబోర్డ్ అబ్బాయి ఇంటికి వెళ్లండి. పదిమందిని వెంటేసుకుని వెళ్లకండి, అతను మళ్లీ నలుగురి ముందు నిలబడ్డట్టవుతుంది. కోప్పడింది మీరైతే, ఆ రోజు అందరి ముందూ అలా అనడం నా తప్పు అని చెప్పండి, నువ్వు కూడా ఆలస్యంగా వచ్చావు కదా అని దానికి తోక తగిలించకండి. కోప్పడింది వేరేవాళ్లైతే వాళ్లతో ముందు మాట్లాడి, వీలైతే వాళ్లనే వెంట తీసుకెళ్లండి. ఆ ఆదివారం ఎందుకు ఆలస్యమైందో అడగండి, మీకెవరికీ తెలియని కారణం ఏదైనా ఉండొచ్చు. కీబోర్డ్ వాయించడానికి ఎప్పుడొస్తావని ఆ రోజే అడగొద్దు. వాయించేవాడు కావాలి కాబట్టి వచ్చారనుకుంటాడు. ఆ చోటు మాత్రం అతని కోసం ఉంచండి. అతను వచ్చేదాకా కీబోర్డ్ లేకుండానే పాడుకోండి, కొన్నాళ్లు పాటలు శ్రుతి తప్పినా ఫర్వాలేదు.

వెళ్లొచ్చాక ఏమైందో ఇక్కడ రాయండి.